మూల చిరిగిన కార్డు

మా ఊరి పాత పోస్టాఫీసును కూల్చడానికి వచ్చిన యంత్రం రెండు రోజులు గుద్దిందట. గోడ కదల్లేదట. మూడో రోజు ఇంకా పెద్ద యంత్రం తెచ్చారని మా మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. "అత్తా, ఆ రాళ్ళు తాడిపత్రి వాళ్ళు కొంటాండారు. నీకేమన్నా కావల్లా?" అన్నాడు. నాకు కావలసింది రాయి కాదు, ఆ గోడలో జాబులు వేసే సందు. సందును ఎవరు మూటగట్టి పంపుతారు? ఏమీ వద్దు పోరా అని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

ఆ కట్టడం పోస్టాఫీసుగా పుట్టలేదు. తెల్లదొరల కాలంలో అది తుపాకి మందు దాచిన కొట్టు. అందుకే మూడు మూరల మందం నల్లరాతి గోడలు, ఒకటే తలుపు, ఆ తలుపుకు రోకలంత ఇనుప గడియ. కిటికీ అన్నదే లేదు. మందు చెమ్మగిల్లకుండా గాలికోసం గోడలో జానెడు పొడుగు సందు ఒకటి విడిచారు. తర్వాత గుర్రం మీద టపా వచ్చే రోజుల్లో దాన్ని టపా కచేరి చేసి, ముందర నాలుగు రాతి స్తంభాలతో వసారా దించి, కూర్చోవడానికి రాతి కట్ట కట్టారు. గాలి సందు చుట్టూ ఎర్ర రంగు పూసి, లోపలివైపు సందుదాకా గోడను గూడులా తొలిచి, కింద చెక్కపెట్టె బిగించారు. అదే మా ఊరి పోస్టు డబ్బా. మా అవ్వ మాత్రం ఆ గోడకు ఎప్పుడూ ఆనుకునేది కాదు. "సున్నంలో బెల్లం నీళ్ళు కలిపినారు, గుడ్ల సొన కలిపినారు, రాళ్ళు మోస్తా పడి సచ్చినోళ్ళ రగతం గూడా కలిపినారు. అది ఇంకా దప్పిగొని ఉండాది" అనేది. ఆ మాట చెప్పి హాయిగా వక్కాకు నమిలేది. భయమంతా నాకే.

మా నాయన పోస్టుమాస్టరు. కచేరి లోపలే వెనకవైపు రెండు గదుల్లో మా కాపురం. నాయన చీమను చూస్తే పక్కకు తప్పుకునే మనిషి. ముద్ర చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆయన్ను చూడాలి! పది గంటల బస్సుకు టపా సంచి దిగేది. బల్ల ముందు నిలబడి, వచ్చిన ప్రతి జాబు మీదా మా ఊరి ముద్ర ధడ్ ధడ్‌మని గుద్దేవాడు. మెత్తని మనిషి కోపమంతా అక్కడ ఖర్చయ్యేదేమో. కరిగిన లక్క వాసన, గోందు వాసన, ఎండకు కాలిన రాతి వాసన, వెనక నుంచి అమ్మ కెలికే సంగటి వాసన అన్నీ కలిసి ఆ చప్పుడుతో పాటు ముక్కులోకి ఎక్కేవి. ఇప్పటికీ ఎక్కడైనా లక్క కరిగితే నా భుజాలు ఉలిక్కిపడతాయి.

అది వరసగా రెండో కరువు. ఊరంతా ఒకటే బావి, అడుగున బురద. ఆడవాళ్ళు బిందెలతో నెత్తులు పగలగొట్టుకున్నారు. మా అమ్మ ఒకరోజు పగిలిన కడవ మెడ ఒక్కటే చేతిలో పట్టుకుని, మోచేతి నుంచి రక్తం కారుతుండగా ఇంటికి వచ్చి, "దాని పల్లు రెండు రాల్చినాలే" అని చెప్పి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రోజు అమ్మను చూసి నేను ఎంత గర్వపడ్డానో! పిల్లలం మేమూ తక్కువ తినలేదు. వీధికొక దండుగా చేరి రాళ్ళు రువ్వుకునేవాళ్ళం. నా కనుబొమ మీద ఉన్న గాటు అప్పటిదే.

పెద్దవాళ్ళ యుద్ధం వేరే. ఊరికి పైవీధిలో ఒక ఇల్లు, కిందివీధిలో ఒక ఇల్లు. పైఇంటోళ్ళు, కిందింటోళ్ళు అనేవారు. ఒక పొలం గట్టు దగ్గర మొదలైన పగ ఇద్దరు ముగ్గురిని తినేసింది, ఇంకా ఆకలి తీరలేదు. అయితే రెండిండ్లవాళ్ళూ మన్నించే కట్టు ఒకటి ఉండేది. టపా కట్ట మీద కత్తి ఎత్తగూడదు. ఎవరి జాబైనా అక్కడికే రావాలి కదా, అందుకని గుర్రం టపా నాటినుంచీ ఆ మాట నిలబడింది.

ఆ ధైర్యంతోనే కిందింటి చిన్నవాడు రోజూ వచ్చి మా కట్ట మీద కూర్చునేవాడు. చిన్నప్పుడు బావిలో పడి ఒక కాలు వంకరపోయింది. కత్తి పట్టే పని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. చదువు రానివాళ్ళకు జాబులు రాసిపెట్టేవాడు. నేను ఆయన్ను చిన్నాయనా అని పిలిచేదాన్ని. జేబు నిండా వేయించిన చెనిక్కాయలు. నేను పక్కన కూర్చుంటే ఒలిచి పెట్టేవాడు, పొట్టు మాత్రం నా గౌను జేబులో పోసేవాడు. పైఇంటి పెద్దమ్మ కూడా ఆయన దగ్గరికే వచ్చేది. నమ్మండి, నమ్మకపోండి!

ఆమెకు ఒక్కడే కొడుకు. పగలో పడి పోతాడని బళ్ళారిలో ఉన్న తమ్ముడి ఇంటికి పంపేసింది. నెలకోసారి మగవాళ్ళు పొలం పోయాక, కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి, చిన్నాయనకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చునేది. పగవాడితో మాట్లాడకూడదు కదా. మధ్యలో నన్ను కూర్చోబెట్టుకునేది.

"పాపా, రాసేవానికి చెప్పు. నా కొడుక్కు అమ్మ దీవెనలు."

నేను ఇటు తిరిగి, "చిన్నాయనా, కొడుక్కు అమ్మ దీవెనలంట" అనేదాన్ని. ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా ఉండదు.

"రాసినానని చెప్పు. తర్వాతేమని అడుగు" అనేవాడు ఆయన.

"మజ్జిగ తాగుతాండావా అని రాయమను. ఎండకు తలనొప్పొస్తాది వానికి. ఇంగో మాట. ఆ కిందింటి నాకొడుకుల కాళ్ళు ఇరిగిపోను, నువ్విప్పుడే రాగాకు అని రాయమను."

ఆసారి నేను ఇటు తిరగకుండా గౌను జేబులో పొట్టు కెలుక్కున్నాను. చిన్నాయన మాత్రం తల ఎత్తకుండా, "కాళ్ళు ఒకటా రెండా అడుగమ్మే" అన్నాడు.

"రెండూ!" అంది పెద్దమ్మ గోడతో.

"ఒకటి దేవుడే ఇరిచినాడు, ఒకటి రాసుకుంటానని చెప్పు."

పెద్దమ్మ వీపు కదిలింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందని నాకు తెలిసిపోయింది. పోయేటప్పుడు కట్ట మీద నాలుగు బెల్లం మిఠాయిలు, కమ్మరకట్లు పెట్టి, "పాపకు" అని గోడకు చెప్పి పోయింది. నాలుగిట్లో రెండు ఎవరికో నాకు తెలుసు.

ఎండలు ముదిరాక ఒకరోజు వచ్చి, "వచ్చేయమను. చూడక తాళలేను. పంచాయతీ పెట్టిచ్చి రాజీ చేపిచ్చుకుంటాను" అని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నాయన ఆ జాబు చాలాసేపు రాశాడు. ఆయనకూ ఆ రాజీ కావాలి. వంకర కాలితో ఎన్నాళ్ళని టపా కట్ట ఒక్కదాన్నే నమ్ముకుని బతుకుతాడు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియదు. శుభవార్త కార్డుకు నాలుగు మూలలా పసుపు పూసి పంపేవారు. చావు కబురైతే ఒక మూల చించేవారు. చిరిగిన మూల చూస్తే చాలు, అక్షరం రానివాళ్ళకు కూడా తెలిసిపోయేది. మా టపాల తాత, అంటే జాబులు పంచే ముసలాయన, మూల చిరిగిన కార్డును చేతికి ఇచ్చేవాడు కాదు. ఇస్తే చావు చేతులు మారుతుందని ఆయన నమ్మకం. గుమ్మం ముందు మెట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా ఒక గులకరాయి ఉంచి, ఒక్క మాటా చెప్పకుండా వెనక్కి నడిచి పోయేవాడు. అలాంటి కార్డును ఎవరూ వెంటనే చదవరు. ముందు ఏడుస్తారు. చదవడం తర్వాత సంగతి.

ఆ వారమే నేను చిన్నాయనను ఒక జాబు రాసిపెట్టమని అడిగాను. ఎవరికి అంటే వానదేవునికి అన్నాను. ఆయన నవ్వలేదు. "రాస్తానుగాని, బిళ్ళ లేకుంటే ఆయప్ప తీసుకోడమ్మే. బిళ్ళ తెచ్చుకో" అన్నాడు. బిళ్ళ అంటే స్టాంపు. సరదాకు అన్నాడని ఈ వయసుకు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

మరుసటి పొద్దున బస్సు వచ్చింది. నాయన ముద్రలు గుద్ది, వీధులవారీగా కట్టలు పెట్టి, నీళ్ళు తాగడానికి వెనక్కి పోయాడు. పైవీధి కట్టలో అన్నిటికన్నా పైన ఒక కార్డు. దాని మూల ఎర్రగా అచ్చు బిళ్ళ. మూల చించితే చావని నాకు తెలియదా? బాగా తెలుసు. కానీ ఆ నిమిషాన అది నాకు మూల కాదు, బిళ్ళ. పెద్దమ్మ పేరు చదివాను కూడా. కుడిచేత్తో కార్డు నొక్కిపట్టి ఎడమచేత్తో చించాను. చిరిగిన చప్పుడు ఎంత చిన్నదో!

టపాల తాత వచ్చి కట్టలు సంచిలో వేసుకుని పోయాడు. నేను చెనిక్కాయలకు చేయి చాచినట్టు చిన్నాయన ముందు పిడికిలి చాచాను. ఆయన అప్పటికే కాగితం మీద సగం రాసి ఉంచాడు. చదివి వినిపించాడు. "మహారాజశ్రీ వానదేవునిగారికి. ఈడ మేము క్షేమముగా లేము. ఆడ మీరు క్షేమమని తలచి రాయునది." నేను పకపకా నవ్వి పిడికిలి విప్పాను.

ఆయన కలం ఆగిపోయింది. "యాడిదమ్మే ఇది?"

"బల్ల మీదిది."

"ఎవురి కార్డుది?"

"పైఇంటి పెద్దమ్మది."

ఆయన ముఖం అట్లా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఊతకర్ర అందుకుని లేచాడు. "తాత పోయి ఎంతసేపాయ?" అంటూనే మెట్లు దిగబోయాడు. అప్పుడు వినబడింది పైవీధి నుంచి ఒక ఆడమనిషి అరుపు. ఆ అరుపుకు కట్ట కింద పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది. వెనకే మగవాళ్ళ కేకలు, తలుపులు బద్దలయ్యే చప్పుడు, గొడ్డళ్ళు గోడలకు గీసుకునే చప్పుడు.

చిన్నాయన ఆ మూలను మళ్ళీ నా పిడికిట్లో పెట్టి మూసి, నన్ను ఎత్తి తలుపులోకి నెట్టాడు. నాయన పరుగెత్తుకొచ్చాడు.

"లోపలికి రాప్పా, తొందరగా రా!"

"నేనొస్తే వాళ్ళూ వస్తారు సామీ. పాప ఉండాది. గడియ ఎయ్యి" అని ఆయనే బయటినుంచి తలుపు లాగేశాడు. నాయన గడియ వేశాడు. ఆ గడియ పడిన చప్పుడు నా ఒంట్లో ఎక్కడో ఇంకా ఉంది.

నేను చెక్కపెట్టె ఎక్కి సందులోంచి చూశాను. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. అంతలో ఎంత లోకం కనబడుతుంది? దుమ్ము కనబడింది. కాళ్ళు కనబడ్డాయి. పైఇంటి పెద్దాయన, అంటే ఆ కొడుకు తండ్రి, ముందున్నాడు. చేతిలో కట్టెలు నరికే గొడ్డలి.

"నా కొడుకును సంపినారు కదరా! ఒగడే కదరా నాకు!"

"అన్నా, కార్డు చదివినావా? చదువన్నా. మీవాడు సావలేదు."

"నీకెట్ల తెల్సురా? సంపినోనికి తెల్సులే!"

చిన్నాయన ఒక్కసారి సందువైపు తిరిగాడు. నా కళ్ళు ఆయనకు కనబడ్డాయి. నన్ను చూపిస్తే చాలు. ఈ పిల్ల చించిందని ఒక్క మాట అంటే చాలు. ఆయన మళ్ళీ వాళ్ళ వైపు తిరిగి, "మూల ఎట్లనో చిరిగిందన్నా" అన్నాడు.

నేను అరవాలని నోరు తెరిచాను. నేనే చించినానని. పిడికిట్లో ముక్క ఉంది, సందులోంచి తోస్తే కట్ట మీద పడుతుంది. నాకు గొంతు రాలేదు. అబద్ధం ఎందుకు, గొంతు రాక కాదు. నాయన కొడతాడని భయపడ్డాను. అంతే. చీమను తొక్కని నాయన కొడతాడని.

మొదటి దెబ్బ ఊతకర్ర మీద పడింది. రెండోది భుజం మీద. ఆయన కట్ట మీదికి ఒరిగాడు. "కట్టరా, టపా కట్ట!" అని ఎవరో ఒకడు అరిచాడు, వాళ్ళలోనే. ఎవరూ ఆగలేదు. ఆ తర్వాత గొడ్డలి పైకి లేవడం, దిగడం మాత్రమే కనబడింది. దిగిన చోటు సందులో పట్టలేదు. చప్పుడు మాత్రం నాయన ముద్ర గుద్దినట్టే ఉంది. వెచ్చగా ఏదో సందులోంచి నా బుగ్గ మీద చిట్లింది. వానదేవుని జాబు రక్తంలో తడిసి కట్ట అంచుకు అతుక్కుంది. నాయన వెనకనుంచి నా కళ్ళు మూశాడు. ఆయన చేతులు లక్క వాసన వేస్తున్నాయి.

ఆ వేళ్ళు తొలగించుకుని చూసేసరికి వచ్చింది పెద్దమ్మ, జుట్టు విరబోసుకుని. వెనకే టపాల తాత, ఆమె విసిరేసిన కార్డు పట్టుకుని పరుగెత్తుతూ, గస పెడుతూ. నడివీధిలో నిలబడి గొంతు చించుకుని చదివాడు. "అమ్మకు నమస్కారములు. నేను బాగుండాను. బేస్తవారం బస్సుకు వస్తాండాను..." ఇంకా చదవబోతూ కట్ట మీద పడి ఉన్న మనిషిని చూసి ఆపేశాడు.  పెద్దమ్మ కట్ట దగ్గరికి వచ్చి చూసింది. ఎన్నడూ ఆయన ముఖం వైపు చూడని మనిషి, వంగి, రెండు చేతులతో ఆ ముఖాన్ని పట్టుకుని, "నాయనా, నువ్వు రాసిన జాబుకే కదా వాడు వస్తాండాడు" అంది. మధ్యలో నేను లేకుండా ఆమె ఆయనతో మాట్లాడింది అదొక్కసారే.

టపాల తాత కార్డు తెచ్చి నాయన బల్ల మీద పెట్టాడు. "సావు కార్డు కాదు సామీ ఇది. నేను చదవకుండా రాయి పెట్టొస్తినే! నా చేతులు ఇరగ!" అని నేలకు తల కొట్టుకున్నాడు. నాయన కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పోలీసులు వచ్చారు. కార్డు ఎట్లా చిరిగిందని అడిగారు. నాయన నిలబడి, "ఎలుకలు కొరికినాయి" అన్నాడు. మా నాయన అబద్ధం చెప్పడని ఊరంతా నమ్మిన మనిషి. నమ్మారు. కొన్నాళ్ళకు పైఆఫీసు నుంచి ఒక ఎలుకల బోను వచ్చింది. దాన్ని నాయన రోజూ సాయంత్రం ఒక చెనిక్కాయ గుచ్చి బల్ల కింద పెట్టేవాడు. రాతి కట్టడంలో ఎలుక ఏముంటుంది? ఒక్కటీ పడలేదు. అయినా పెట్టడం మానలేదు. నేను ఆ మూలను పలకల సంచిలో, తర్వాత కుంకుమ భరిణె అడుగున దాచుకున్నాను. నాయనకు తెలియదని ఎంత ధైర్యంగా ఉన్నానో!

బేస్తవారం బస్సు దిగిన కొడుకు, కడిగినా పోని కట్ట మీది మరకను చూసి ఏమైందని అడిగాడు.  సంగతి తెలిశాక, మూల తాను చించలేదని ఇల్లిల్లూ తిరిగి ఒట్టు వేశాడు. "ముందు చూసుకోకుండా పంపితివి కదరా పాపిష్టోడా" అన్నారు. తండ్రి జైలుకు పోయాడు. మళ్ళీ చెనిక్కాయ విత్తే లోపలే కిందింటోళ్ళు ఆ కొడుకునూ నరికేశారు. టపాల తాత ఆ తర్వాత ఏ కార్డూ మెట్టు మీద పెట్టలేదు. మూల బాగున్నా చిరిగినా, గుమ్మం ముందు నిలబడి పెళ్ళాలకు మొగుళ్ళు రాసిన ముచ్చట్లతో సహా గట్టిగా చదివి వినిపించేవాడు. జనం తిట్టేవారు, నవ్వేవారు. ఆయన వినేవాడు కాదు. ఆ ఏడు కూడా వాన పడలేదు.

నాయన పోయిన పదమూడో నాడు ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున ఖద్దరు పంచె మడతలో ఆ కార్డు. కుంకుమ భరిణె తెచ్చి, తలుపు వేసుకుని, నా దగ్గరున్న ముక్కను దాని మూలకు చేర్చాను. అప్పుడు చూశాను. బిళ్ళ పక్కన అంచు మీద మా ఊరి ముద్ర. సగం కార్డు మీద, సగం నా ముక్క మీద. రెండూ కలిసి గుండ్రంగా నిలిచాయి. ముద్ర గుద్దాక చిరిగిందన్నమాట. నాయన చేతిలోంచి పోయాక, నాయన కచేరిలోనే. వెలుతురుకు పట్టి ఆయన చూసింది ఇదే. అప్పటికి ఇంట్లో ఉన్న పిల్లను నేనొక్కదాన్నే.

తాత నడివీధిలో ఆపేసిన చోటి నుంచి చదివాను. "ఇంకొక మాట అమ్మా. నీకు జాబులు రాసిపెడతాండే ఆయప్ప ఎవరోగాని చేతిరాత ముత్యాల మాదిరి ఉండాది. కాళ్ళు ఒకటా రెండా అని పక్కన రాసింది చదివి శానా నవ్వినాను. నేను వచ్చినాక ఆయప్పను ఇంటికి పిలిచి కడుపునిండా అన్నం పెట్టాల."

నాయన ఇదంతా చదివే ఉంటాడు. చదివి, ఎలుకలని చెప్పాడు.